గీత పడని తొమ్మిదేళ్ళు

"తొమ్మిదేళ్ళలో ఒక్క క్లెయిమ్ కూడా లేదా? అయితే బండి బయటికి తీసేవారు కాదా మేడమ్?"

అన్నవాడు అఖిలేష్. బెంజ్ సర్కిల్ దగ్గరి కార్ల షోరూములో ఇన్సూరెన్స్ బల్ల అతనిది. పిల్లాడిలో విషం లేదు, నవ్వుతూనే అన్నాడు. పక్క బల్ల దగ్గర తమ వంతు కోసం కూర్చున్న మొగుడూ పెళ్ళాలు కూడా నవ్వారు. నవ్వనిది గంగాదేవి ఒక్కతే. మనిషిని తిట్టినా పడొచ్చు గానీ, మనిషి చేసే పనిని ఎగతాళి చేస్తే అది లోపలెక్కడో ముల్లులా దిగి అక్కడే ఉండిపోతుంది.

ఆమె పని రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించడం. ల్యాబ్ భవానీపురంలో, చెరువులు బంటుమిల్లిలో, కృత్తివెన్నులో, నాగాయలంకలో. తెల్లారేసరికి ఖాళీ సీసాల పెట్టె వెనక సీట్లో పెట్టుకుని బయల్దేరాలి, నీళ్ళు నింపుకుని మధ్యాహ్నానికి తిరిగి రావాలి. చెరువు గట్టు మీద కారు నడపడమంటే కుడిపక్క నీళ్ళు, ఎడమపక్క నీళ్ళు, టైరుకీ అంచుకీ మధ్య జానెడు మట్టి. ఎదురుగా మేత లారీ వస్తే తప్పుకోవడానికి చోటుండదు. అద్దాల్లో చూసుకుంటూ, సీసాలు ఒరగకుండా, అర కిలోమీటరు వెనక్కి పోనివ్వాలి. ఆ పని తొమ్మిదేళ్ళు ఒక తెల్ల ఆల్టోతో చేసింది. బండి బయటికి తీసేదా అట!

"రోజూ తీసేదాన్నండీ," అంది.

"అయితే సూపర్ మేడమ్. పాత బండి సార్ పేరు మీదుందా?"

"ఏ సారు?"

"మీవారండీ."

"ఆయనకి స్కూటరే రాదు. బండి నాది, పాలసీ నాది."

అఖిలేష్ కీబోర్డు మీద వేళ్ళు ఆపి ఆమె వంక ఒకసారి చూశాడు. "ఐదేళ్ళు క్లెయిమ్ లేకుండా గడిస్తే ప్రీమియం సగానికి సగం తగ్గుద్దండి. పదకొండు వేల పైన మిగులుద్ది మీకు. ఆ తగ్గింపు బండితో పోదు, ఓనరుతో వస్తుంది. కాకపోతే పాత పాలసీ కాపీ, పాత కంపెనీ ఇచ్చే లెటరు, రెండూ నా చేతిలో ఉండాలి. లేదంటే నిన్న లైసెన్సు తీసుకున్నవాళ్ళెంతో మీరూ అంతే. జీరో." బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపించాడు కూడా.

"ఎప్పటికి కావాలండీ?"

"గురువారం పదీ నలభైకి కదా మీ కొత్త బండి ముహూర్తం. బుధవారం సాయంత్రం ఐదింటికి పాలసీ వేసెయ్యాలి. వేశాక మార్చడం నా వల్ల కాదు." గొంతు తగ్గించాడు. "అంత తిరుగుడెందుకు, తగ్గింపు ఉందని టిక్కు పెట్టేస్తా. ఎవరూ చూడరు మేడమ్."

"రేపు బండికి నిజంగా ఏమన్నా అయితే?"

"అప్పుడు చూసుకుందాం లెండి."

"అప్పుడు చూసుకునేది నేను గదా, మీరు కాదు," అని గంగాదేవి లేచింది. అడిగేవాడికి చెప్పేవాడు లోకువంటారు. ఆ బల్ల దగ్గర మాత్రం అడగడానికి వెళ్ళిన తనే లోకువైపోయింది. ఆ రోజు సోమవారం, మిగిలినవి రెండు రోజులు.

ఇంటికొచ్చేసరికి తండ్రి కొండలయ్య వరండాలో బాసింపట్టు వేసుకుని, నల్లదారానికి నిమ్మకాయలూ ఎండుమిరపకాయలూ గుచ్చుతున్నాడు. కొత్త కారుకి దిష్టి తగలకుండా కట్టడానికట. గిలకలదిండి నుంచి ఆ పని మీదే వచ్చాడు. యాభై ఏళ్ళు సముద్రం మీద బతికినవాడు, డెబ్బై దాటినా వేళ్ళు చెప్పినమాట వింటాయి. ఒక్కో కాయ కింద ముడి వేసి, లాగి చూసి, పళ్ళతో దారం తెంపుతున్నాడు.

"ఆమోసు గారి దగ్గరికెళ్ళి ఫైలు తెచ్చుకోవాలి నాన్నా," అంది గంగాదేవి చెప్పులు విప్పుతూ.

కొండలయ్య చేతిలో ముడి ఆగింది. "ఏ పైలు?"

"పాత కారు ఫైలు. నా పాలసీ కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి."

ఉండక ఏమవుతాయి? ఇరవై రోజుల కిందట ఇదే గుమ్మంలో నిలబడి అన్నీ ఎక్కించింది ఈ పెద్దమనిషే. పడవ అమ్మితే దాని తాడుముక్క కూడా ఇంట్లో ఉంచుకోకూడదని వాళ్ళలో పట్టింపు. లంగరు, తెడ్డు, నీళ్ళు తోడే డబ్బా, అన్నీ కొన్నవాడికే. ఏది మిగుల్చుకున్నా కొన్నవాడికి అచ్చిరాదు, అమ్మినవాడికి మంచిది కాదు. పడవకి ఉన్న నీతి కారుకి ఉండదా అని ఆయన రెండో తాళంచెవి, తుడుపు గుడ్డ, సగం వాడిన అద్దాల సబ్బునీళ్ళు, డిక్కీలో పాత గొడుగు, తొమ్మిదేళ్ళ కాగితాల ఫైలు, ఒక్కటి విడవకుండా ఆల్టో కొన్న ఆమోసు చేతిలో పెట్టి దండం పెట్టాడు. గంగాదేవి కూడా అడ్డు చెప్పలేదు. ఫోనులో కాపీలైనా లేవు. ఏటా పాలసీ కట్టిన ఏజెంటు మాణిక్యం తన నంబరే రాయించుకునేవాడు. ఇప్పుడా నంబరుకి చేస్తే ఎవరో ఆవిడ ఎత్తి విసుక్కుంటోంది.

"అడక్కూడదమ్మాయ్," అన్నాడు కొండలయ్య. "అమ్మినోడు ఎనక్కెళ్ళి చెయ్యి చాపితే ఏం మర్యాద? పదకొండు వేలు పోతే పోనీ. నేనిత్తాను."

"డబ్బులు కాదు నాన్నా." ఆమె గోడకి ఆనుకుని ఆయన ఎదురుగా కూర్చుంది. "బండి బయటికి తీసేదానివా అని అడిగాడు. అందరి ముందూ. తొమ్మిదేళ్ళు నేను నడిపింది ఎక్కడా లేనట్టే. సున్నా చుట్టి చూపించాడు."

లోపల అన్నం వారుస్తున్న భర్త గణేష్ తొంగిచూసి, మామా అల్లుళ్ళ మధ్యే ఎప్పుడూ మాట తేలదు, ఇక తండ్రీ కూతుళ్ళ మధ్య నాకేం పని అన్నట్టు తల వెనక్కి తీసుకున్నాడు.

 నిజం చెప్పాలంటే, కూతురు బండి నడపడం మీద కొండలయ్యకీ లోపల ఒక మూల అనుమానమే. తొమ్మిదేళ్ళలో ఆ కారు ఎన్నిసార్లు ఎక్కాడో లెక్కలేదు. ఎక్కినప్పుడల్లా వెనక సీట్లో ఎడమపక్క కూర్చుని, పైనున్న పిడి పట్టుకుని, బందరు నుంచి బెజవాడ దాకా రోడ్డు మీద నుంచి కన్ను తిప్పేవాడు కాదు. "నెమ్మది... గేదె... నెమ్మది." ఏనాడూ కునుకు తియ్యలేదు. చుక్కాని పట్టినవాడి మీద నమ్మకం కుదరనిదే పడవలో కన్ను మూయకూడదన్నది ఆయన నేర్చుకున్న మొదటి పాఠం. గంగాదేవికి ఆ సంగతి తెలుసు. తెలిసినా ఏనాడూ అడగలేదు, నమ్మకం అడిగి తెచ్చుకునేది కాదు గనక.

నిమ్మకాయల దండ పక్కన పెట్టాడు. "రేపు నేనూ వత్తాను. అడగడం తప్పయితే ఆ తప్పు నా నోటితో జరగనీ."

*

ఆటోనగర్‌లో ఆమోసు షెడ్డు కనుక్కోవడానికి అడ్రసు అక్కర్లేదు, సుత్తి చప్పుడు వింటూ పోతే చాలు. నాలుగు కార్లు తలుపులు ఊడి, మూతులు పగిలి నిలబడి ఉన్నాయి. ఆమోసు ఒక తలుపు రేకుని ఒళ్ళో పసిపిల్లాడిలా పడుకోబెట్టుకుని, లోపలి నుంచి చెక్క సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తున్నాడు. వేసి, అరచెయ్యి ఆనించి నిమిరి చూసి, మళ్ళీ వేస్తున్నాడు. వీళ్ళని చూసి లేచాడు.

"రండి మేడంగారూ! పెద్దాయనా, రండి. బండిలో ఏమన్నా మర్చిపోయారా?"

మర్చిపోయారా అన్న మాటకే కొండలయ్య మొహం మాడింది. తనే అడుగుతానని వచ్చినవాడు కాస్తా సుత్తి వంక చూస్తూ నిలబడ్డాడు. చివరికి గంగాదేవే చెప్పింది. ఫైలు కావాలంది. అక్కడితో ఆపితే సరిపోయేది, కానీ దాచిపెట్టి తీసుకోవడం ఆమెకి చేతకాదు.

"ఇంకోటుందండీ. నా తగ్గింపు నేను తీసేసుకుంటే, ఈ ఆల్టో పాలసీ మీ పేరుకి మార్చేటప్పుడు మిగిలిన రెండు నెలలకీ తేడా మీరు కట్టాలంట. అది నేనిచ్చేస్తాను."

ఆమోసు చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. షెడ్డు చివరికి నడిచాడు. అక్కడ వేపచెట్టు నీడలో తెల్ల ఆల్టో ఉంది, మీద దుప్పటి కప్పి. దుప్పటి లాగాడు.

"పెద్దాయనా, ఇట్రండి. ఇక్కడ చెయ్యి పెట్టండి."

కొండలయ్య ముందు తలుపు మీద చెయ్యి పెట్టాడు. ఆమోసు వేలి కణుపుతో రేకు మీద తట్టాడు, ఒకచోట, రెండుచోట్ల, మడ్‌గార్డు మీద, బానెట్ అంచున. అన్నిచోట్లా ఒకటే చప్పుడు.

"సొట్ట మీద పుట్టీ మెత్తి రంగేస్తే మొద్దుగా మోగుద్దండి. ఇది చూడండి, కంపెనీలో వేసిన రంగే. నేను డెంటింగ్ పనోణ్ణి. ముప్ఫై ఏళ్ళ నుంచి జనం గుద్దుకుంటేనే నా ఇంట్లో పొయ్యి వెలిగేది. మూడు లక్షల నలభై ఆరు వేల కిలోమీటర్లు తిరిగిన బండి, అదీ చెరువు గట్ల మీద, నాలాంటోడికి ఒక్క పూట కూడా అన్నం పెట్టలేదంటే..." నవ్వి తల ఊపాడు. "మా అమ్మాయి హెప్సిబా డ్రైవింగ్ నేర్చుకుంటానంటే ఈ బండే ఎందుకు కొన్నాననుకున్నారు? రేకు చూసి కాదు. నడిపిన చెయ్యి చూసి కొన్నా."

కొండలయ్య తలుపు మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు. అరచేత్తో మెల్లగా వెనక దాకా నిమిరాడు, పడవ పక్కచెక్క మీద పగులు వెతికినట్టు. వెతికాడు, దొరకలేదు. మళ్ళీ ముందుకొచ్చాడు. గంగాదేవి ఆయన చేతినే చూస్తూ నిలబడింది.

"తేడా సంగతంటారా," అన్నాడు ఆమోసు, "ఆ తగ్గింపు నాదెట్టా అవుద్ది? తొమ్మిదేళ్ళు నేను నడపలేదుగా. నా లెక్క నేను మొదలెట్టుకుంటా." లోపలికెళ్ళి ఫైలు తెచ్చాడు. పేరు మార్పుకి రవాణా ఆఫీసులో కట్టిన రసీదు కూడా అందులోంచి తీసి ఇచ్చాడు. "దీని కాపీ కూడా అడుగుతారు, ఉంచండి."

గంగాదేవి చెయ్యి చాపబోయి, తండ్రి వంక చూసింది. కొండలయ్య ముందుకొచ్చి ఆ ఫైలు తనే అందుకున్నాడు. కళ్ళకద్దుకుని కూతురి చేతిలో పెట్టాడు.

"తీసుకో అమ్మాయ్. పడవతో తాడిత్తాం, లంగరిత్తాం. చుక్కాని పట్టిన చెయ్యి ఎవరిత్తారు? ఇది నీది."

*

ఫైలు దొరికిందన్న సంతోషం బుధవారం పదకొండింటి దాకానే నిలిచింది. పాత కంపెనీ బ్రాంచిలో శ్రీలలిత అనే ఆఫీసరమ్మ కాగితాలన్నీ వరసగా పేర్చుకుని, పాలసీ నంబరు కొట్టి, కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి తెర వంక చూసింది. చూసి, పెదవి విరిచింది.

"క్లెయిమ్ లేదన్నారు. నాలుగో ఏడు ఒకటుందే అమ్మా?"

 పక్కన కొండలయ్య బల్ల అంచు పట్టుకున్నాడు. "ఉండదండీ," అంది గంగాదేవి.  మళ్ళీ గట్టిగా అంది. "ఉండదు. సరిగ్గా చూడండి."

శ్రీలలిత సరిగ్గానే చూసింది. ఆమెకి తొందర లేదు. "ముందు అద్దం పగిలిందని ఏజెంటు మాణిక్యం రాశాడు. జూన్ పద్నాలుగు."

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చి, ఎంత ఒద్దనుకున్నా కళ్ళు తండ్రి వైపు పోయాయి. ఆయనకీ గుర్తొచ్చినట్టుంది, బల్ల మీద చెయ్యి మెల్లగా వెనక్కి లాక్కున్నాడు. వలకి కావాలని ఆ రోజు పొడుగాటి వెదురు గెడ కారులో ఎక్కించింది ఆయనే. పట్టదు నాన్నా అన్నా వినకుండా వెనక డిక్కీలోంచి తోసి తోసి, ముందు అద్దానికి తగిలించి టప్పుమనిపించిందీ ఆయనే.

"అద్దం నేనే వేయించుకున్నానండీ, నా డబ్బులతో. క్లెయిమ్ వద్దని మాణిక్యం గారికి ఆ రోజే చెప్పాను."

"ఎందుకు వద్దన్నారు?"

 "బండి నడపడంలో పగిలింది కాదు గదండీ. నా లెక్కలో మచ్చ పడ్డం ఇష్టంలేక."

శ్రీలలిత ఇంకో పేజీ తెరిచింది. ఫ్యాను కింద కాగితాలు రెపరెపలాడుతుంటే ఆధార్ కాపీ మీద గాజులచెయ్యి ఆనించి, పెదవులు కదుపుతూ చదివింది. గోడ గడియారంలో పదకొండూ ఇరవై. 

"ఆఁ, ఉంది. వినియోగదారు కోరిక మీద విరమించుకున్నారు, చెల్లింపు లేదు." కళ్ళజోడు పైకి తోసుకుంది. "చెల్లింపు లేకపోతే క్లెయిమ్ లెక్కలోకి రాదమ్మా. తొమ్మిదేళ్ళూ క్లీన్. నేను ఈ సీట్లో కూర్చున్న తర్వాత ఇన్నేళ్ళు వరసగా చూసింది ఇద్దరివో ముగ్గురివో." ప్రింటు నొక్కి, వేడివేడిగా వచ్చిన కాగితం మీద సంతకం పెట్టి, ముద్ర రెండుసార్లు సిరా దిండు మీద అద్ది గట్టిగా వేసింది. "మూడేళ్ళ దాకా చెల్లుద్ది. జాగ్రత్త."

మెట్లు దిగేటప్పుడు కొండలయ్య మధ్యలో ఆగాడు. "ఆ అద్దానికి ఎంతయింది అప్పట్లో?"

"ఇప్పుడెందుకు నాన్నా."

"నాకు చెప్పనే లేదు. తొమ్మిదేళ్ళలో పగిలింది ఒకటే ఒకటి, అదీ నా చేత్తోనా!" ఉన్నట్టుండి పెద్దగా నవ్వాడు. మెట్ల మీద పోయేవాళ్ళు తిరిగి చూశారు. "నెమ్మది నెమ్మది అని పాడిందంతా నేను, పగలగొట్టిందీ నేనే!" గంగాదేవికి కూడా నవ్వాగలేదు. తండ్రీ కూతుళ్ళు గోడ పట్టుకుని కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

మూడున్నరకి షోరూములో ఉన్నారు. అఖిలేష్ ముందు ఫైలు తెరిచి పాలసీ కాపీ పెట్టింది, దాని మీద రసీదు, దాని మీద లెటరు.  అఖిలేష్ పై నుంచి కింది దాకా చదివాడు, మళ్ళీ పైకి వెళ్ళి పేరు చదివాడు. పాత మొత్తం చెరిపి కొత్తది కొట్టాడు. సగానికి సగం తగ్గి తెర మీద అంకె మారింది.

"వచ్చేసింది మేడమ్. ఫిఫ్టీ."

ఊరుకుంటే కొండలయ్య ఎందుకవుతాడు? కండువా సర్దుకుని బల్ల మీదికి వంగాడు. "బాబూ, బండి బయటికి తీసేదా అని అడిగావంటగా మా అమ్మాయిని?"

"అదేదో సరదాకి అన్నానండీ..."

"తీసింది. మూడు లచ్చల నలభై ఆరు వేల కిలోమీటర్లు తీసింది. గట్ల మీద. నువ్వొకసారి మా వైపు రా, గట్టు మీద రివర్సు నడిపి చూపిద్దువుగాని."

షోరూము ఘొల్లుమంది. సోమవారం గంగాదేవి మీద నవ్విన జంట ఈ రోజూ అక్కడే ఉన్నారు, వాళ్ళ బండి పాలసీ ఇంకా తేలక. భార్య గబుక్కున కుర్చీ ముందుకి జరిపింది. "ఏమండీ, మనకీ పాత కారుందిగా, ఆరేళ్ళు! ఏం బాబూ, మాకు జీరో వేశావేం? మేమూ లెటరు తెచ్చుకుంటాం, ఆపు నువ్వు." వెనక వరసలో ఇంకెవరో ఆ కంపెనీ ఆఫీసు ఎక్కడ తల్లీ అని అడిగారు. గంగాదేవి వాళ్ళకి అడ్రసు చెబుతుంటే అఖిలేష్ లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి గానీ మనిషి మంచివాడే. "సారీ మేడమ్," అన్నాడు, "నిజంగా." ఆమె తల ఊపింది. ఆ ముల్లు ఎప్పుడు ఊడిందో గానీ, వెతికితే లేదు.

*

గురువారం పదీ నలభైకి కొబ్బరికాయ ఒక్క దెబ్బకి రెండు చెక్కలైంది. నిమ్మకాయల దండ ముందు కట్టారు. కొత్త కారు నీలం రంగుది, లోపల ప్లాస్టిక్ వాసన. మొదటి ప్రయాణం గిలకలదిండికే, నాన్నని దింపడానికి.

గంగాదేవి అలవాటుగా వెనక తలుపు తెరిచి పట్టుకుంది. కొండలయ్య దాన్ని మూసి, ముందు తలుపు తనే తీసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. బెల్టు పెట్టుకోవడం రాక ఆమె చేత పెట్టించుకున్నాడు. లెటరు కాపీ అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"అది నీకెందుకు నాన్నా?"

"రేవులో సూపించాలి. నువ్వు పోనియ్యి."

బందరు రోడ్డు ఎక్కారు. పెనమలూరు దాటేదాకా ఆయన చెయ్యి పై పిడి మీదే ఉంది. నెమ్మది అనలేదు. కంకిపాడు దగ్గర గొర్రెల మంద అడ్డమొస్తే గంగాదేవి ఆపి, మంద పోయేదాకా ఆగి, మళ్ళీ కదిలింది. ఈసారి మాట వస్తుందనుకుని ఎదురుచూసింది. రాలేదు. ఉయ్యూరు ముందు చెరుకు ట్రాక్టర్లు వరసగా ఎదురొస్తున్నాయి, ఒక్కోటీ రోడ్డు సగం మింగేస్తూ. ఆమె ఎడమకి ఒదిగి, ఒకదాని తరవాత ఒకదానికి దారిచ్చి, చివరిది దాటాక పక్కకి చూసింది.

పిడి మీద చెయ్యి లేదు. ఒళ్ళో పడి ఉంది, అరచెయ్యి పైకి. తల కిటికీ వైపు వాలింది, నోరు కొంచెం తెరుచుకుంది. కొండలయ్య గుర్రుపెడుతున్నాడు.

గంగాదేవి కళ్ళు మళ్ళీ రోడ్డు మీదికి తిప్పుకుంది. అవార్డులూ శాలువాలూ ఇచ్చేవాళ్ళు ఎవరెవరికో ఇచ్చుకోనీ, తన తొమ్మిదేళ్ళకి అసలు లెటరు ఇదిగో, ముద్ర లేకుండా పక్కసీట్లో ఉంది. ఆయన మొహం మీద పడుతున్న ఎండకి అడ్డంగా అద్దం పైనున్న ఎండ అట్ట దించింది. ముందు స్పీడు బ్రేకరు కనపడితే గేరు తగ్గించి, నాన్న లేవకుండా దాటించింది.